సగం లేచిన చెయ్యి

ఫ్యాను గాలి రెండో వైపు కూడా తగిలేలా కాళ్ళ ప్యాడ్లను తిరగేస్తోంది అలేఖ్య. బేస్‌మెంట్ మూలనున్న ఆ ఇనుప స్టాండు మీద ఒకప్పుడు చీరలు, తువ్వాళ్ళు ఆరేవి. కొన్నేళ్ళుగా దాని మీద ఆరేవి వేరు. తలదిండ్లంత లావున్న రెండు ప్యాడ్లు, ఛాతీకి కట్టుకునే కవచం, ఎడం చేతికి పక్‌ను, అంటే ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను, పట్టే గ్లవ్, కుడి చేతికి పక్‌ను కొట్టి పంపే పలక లాంటి గ్లవ్. పై కొక్కేనికి మాస్కు. అన్నీ దియవి.

దియ ఈ ఇంటి పిల్ల కాదు. రెండు వీధుల అవతల అపార్ట్‌మెంట్‌లో ఉండే చైతన్య, అదితిల కూతురు. అమెరికాలో ఈ నేపర్‌విల్ వచ్చిన కొత్తలో గుడి దగ్గర పరిచయమై, ఆ తరవాత బంధువుల కన్నా దగ్గరైన వాళ్ళు. ఐస్ హాకీలో గోల్‌కీపర్‌గా ఆడే పిల్ల సామాను ఎలా ఉంటుందో చూసిన వాళ్ళకే తెలుస్తుంది. ఆట అయ్యాక ఒక్కో ప్యాడు తడిసిన పరుపులా బరువెక్కుతుంది. ఇక వాసన సంగతి చెప్పక్కర్లేదు. "నానబోసి మర్చిపోయిన మినప్పప్పు వాసన, అక్కా. మా ఇంట్లో దేవుడి అలమర పక్కనే ఇవి పెట్టే క్లోజెట్. స్వామి కూడా ముక్కు మూసుకుంటున్నాడు" అని అదితి నవ్వుతూ మొదటిసారి ఆ సంచీని తెచ్చి ఇక్కడ పడేసింది. అప్పటినుంచి అది ఇక్కడే. ఆట ఉన్న రోజు దియ వచ్చి తీసుకెళ్ళేది, ఆట అయ్యాక తెచ్చి పెట్టేది, పనిలో పనిగా అన్నం తినేది, హోమ్‌వర్క్ చేసుకునేది, సోఫాలో నిద్రపోయేది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు అడక్కుండా తెరిచే మనిషి దియ ఒక్కతే.

సామాను తడిసి నెల దాటింది. వాసన కూడా పోయింది. అయినా అలేఖ్య పొద్దున్నే దిగి వచ్చి వాటిని అటు ఇటు తిప్పుతూనే ఉంది. ఆ పని మానేస్తే దేన్నో ఒప్పేసుకున్నట్టు అవుతుందని ఆమెకు అనిపించేది.

ఫోన్ మోగింది. అదితి.

"అక్కా, మధ్యాహ్నం నేనూ దియా వస్తాం. సామాను తీసుకెళ్ళిపోదామని. రింక్‌లో ఎవరో కొనుక్కుంటామన్నారు."

"అంత తొందరేముంది అదితీ? ఇక్కడ దేనికీ అడ్డం లేదు కదా."

"కళ్ళ ముందు లేకపోతేనే మంచిదక్కా. నేను హాస్పిటల్‌లో పనిచేసే దాన్ని. తలకి ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు."

ఫోన్ పెట్టేశాక అలేఖ్య కాసేపు ఆ మాస్కు వంకే చూస్తూ నిలబడింది. దాని ఎడమ చెంప మీద ఎర్రటి గీరుడు ఉంది. గోల్‌పోస్టు రంగు అది.

పైకి వచ్చేసరికి దామోదర్ డైనింగ్ టేబుల్ దగ్గర ఉప్మా తింటున్నాడు. పక్కన నలుపు తెలుపు చారల రెఫరీ చొక్కా మడతపెట్టి ఉంది. శనివారాలు అతను ఐస్ హాకీ ఆడే రింక్‌కి వెళ్ళడం మానలేదు.

దామోదర్ సాఫ్ట్‌వేర్ మనిషే కానీ పేరు తెచ్చుకున్నది రెఫరీగా. ఈ దేశానికి వచ్చాక, ముప్ఫై దాటిన వయసులో, ఆఫీసు వాళ్ళు సరదాగా తీసుకెళ్తే మంచు మీద పడి లేచి, లేచి పడి స్కేటింగ్ నేర్చుకున్నాడు. ఆడేంత వేగం రాలేదు. రూల్స్ మాత్రం బాగా పట్టుబడ్డాయి. పరీక్ష రాసి పిల్లల ఆటలకి రెఫరీ అయ్యాడు. మొదట్లో తల్లిదండ్రులు వినబడేట్టే అనేవాళ్ళు, వీళ్ళది గడ్డి మీద ఆడే హాకీ కదా, ఇతనికి మంచు సంగతి ఏం తెలుసని. అవన్నీ మింగి, ఏళ్ళ తరబడి ఒక్క మాట పడకుండా విజిల్ ఊది, చివరికి "దామోదర్ వస్తున్నాడంటే గొడవ ఉండదు" అనిపించుకున్నాడు. ఆ మాట అతనికి ఇల్లు, ఉద్యోగం, గ్రీన్‌కార్డు అన్నిటికన్నా ఎక్కువ.

దియకి ఆ ఆట పిచ్చి పట్టించింది కూడా అతనే. తొమ్మిదేళ్ళ పిల్లని ఇదే టేబుల్ దగ్గర కూర్చోబెట్టుకుని రూల్స్ చెప్పేవాడు. ఆవకాయ జాడీ గోల్‌కీపర్. దాని చుట్టూ వేలితో గీసిన అర్ధచంద్రం, మంచు మీద గోల్ ముందు నీలం రంగు వేసిన చోటు. ఉప్పు డబ్బా అవతలి జట్టు వాడు.

"చూడమ్మా, ఈ నీలం లోపల గోల్‌కీపర్‌ని ఎవడూ ముట్టుకోకూడదు. బయటికి వచ్చినా సరే, గుద్దడానికి వీల్లేదు. ఆవిడ చూపు పక్ మీద ఉంటుంది కాబట్టి తనని తాను కాపాడుకోలేదు. అందుకని ఆవిడని కాపాడాల్సింది రెఫరీ."

"ఎవరైనా పుష్ చేస్తే?"

"చెయ్యి ఎత్తుతాను. అంటే పెనాల్టీ వస్తోందని. తప్పు చేసిన జట్టు పక్‌ని తాకగానే విజిల్. వాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి."

దియ మిరియాల డబ్బాతో ఉప్పు డబ్బాని తోసింది. ఉప్పు డబ్బా వెళ్ళి జాడీకి తగిలింది. "ఇది? ఇది నా ఓన్ టీమ్. వాళ్ళే తోశారు."

"అబ్బో, లాయర్‌వి అవుతావే నువ్వు! మన వాళ్ళే తోస్తే ఉప్పుది తప్పు కాదు. పెనాల్టీ ఉండదు. ఆట సాగిపోతుంది."

"మరి గోలీకి, అదే గోల్‌కీపర్‌కి, దెబ్బ తగిలితే?"

"తగిలితే తగిలినట్టే" అని నవ్వేవాడు దామోదర్.

వెళ్ళేటప్పుడు దియ "ఆంటీ, వెళ్తున్నా" అనేది. "అలా అనకూడదమ్మా, వెళ్ళొస్తా అనాలి. మళ్ళీ వస్తావని గుమ్మానికి తెలియాలి కదా" అని అలేఖ్య నేర్పింది. అప్పటినుంచి ఆ పిల్ల ఎంత తొందరలో ఉన్నా, బూట్లు తొడుక్కుంటూ అయినా, అమెరికా యాసలో నాలుక మెలిపెట్టి "వెల్లొస్తా ఆంటీ!" అని అరిచి వెళ్ళేది.

అలేఖ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మధ్యాహ్నం దియ వస్తోందట. సామాను తీసుకెళ్ళిపోతారట."

దామోదర్ చెంచా ఆగింది. మళ్ళీ కదిలింది. "మంచిదే."

"ఇవాళ చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"మీకు తెలుసు."

"అది ఇన్‌సిడెంటల్ కాంటాక్ట్, అలేఖ్యా. పక్కనుంచి వెళ్తుంటే తగిలింది. రూల్‌బుక్ తియ్యి, చూపిస్తాను."

"నేను బుక్ చూడలేదండీ. మీ చెయ్యి చూశాను."

అతను లేచాడు. ఉప్మా ప్లేటు సింకులో పెట్టి నీళ్ళు తిప్పాడు. నీళ్ళ చప్పుడులోనే అన్నాడు, "చెప్తే ఆ పిల్ల తలనొప్పి తగ్గుతుందా?"

"తగ్గదు. కానీ మన గుమ్మం తొక్కుతుంది. వారాల తరబడి పిల్ల ఇటు రాలేదంటే దానికి తెలియకనా? మీ నోటితో మీరు చెప్తారని చూస్తోంది."

దియకి దెబ్బ తగిలిన ఆ శనివారం అదితికి డ్యూటీ పడింది. చైతన్య ఆఫీసు పని మీద డాలస్‌లో ఉన్నాడు. రింక్‌కి దియని తీసుకెళ్ళేవాళ్ళు లేరు. రెఫరీ ఆడేవాళ్ళని తన కార్లో తీసుకురావడం బాగోదని దామోదర్‌కి తెలుసు. కానీ రెఫరీలు తక్కువ, ఆట మానలేరు, పిల్లని ఇంట్లో వదలలేరు. అలేఖ్యతో కలిపి ముగ్గురూ ఒకే కార్లో వెళ్ళారు. పార్కింగ్‌లో దియ తన పెద్ద సంచీని డిక్కీలోంచి లాగుతుంటే దామోదర్ ఒక చెయ్యి వేశాడు. అవతలి జట్టు కోచ్ తన కారు దగ్గర నిలబడి అది చూశాడు.

ఆట మొదలయ్యే ముందు ఆ కోచ్ మంచు చుట్టూ ఉండే అడ్డగోడ అంచున ఆనుకుని నవ్వుతూ అడిగాడు. "రెఫ్, గోల్‌లో ఉన్నది మీ అమ్మాయా?"

"నో, నో. ఫ్రెండ్ వాళ్ళ అమ్మాయి."

"ఓకే. జస్ట్ ఆస్కింగ్."

అంతే. కసురుకోలేదు, వెక్కిరించలేదు. కానీ ఆ మాట దామోదర్ చెవిలో జోరీగలా దూరింది. అద్దం వెనక బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చున్న అలేఖ్యకి అతని భుజాలు బిగుసుకోవడం కనబడింది. అన్నేళ్ళ కాపురంలో ఆమె మొగుడి మొహం కన్నా వీపునే ఎక్కువ చదివింది.

అలేఖ్యకి ఆట అంత వేగంగా అందదు. పక్ ఎక్కడుందో ఎప్పుడూ కనబడదు. అందుకని ఆమె రెఫరీ కుడి చెయ్యిని చూసేది. అది లేస్తే ఏదో జరిగినట్టు. రెండో రెఫరీ మంచు మధ్యలో ఉన్నాడు. గోల్ దగ్గర ఉన్నది దామోదరే.

అవతలి జట్టు తెల్ల జెర్సీ కుర్రాడొకడు గోల్ ముందు నుంచి అడ్డంగా జారుతూ, నీలం రంగు లోపలికి వచ్చి, పోతూ పోతూ మోచేత్తో దియ మాస్కుని ఒక్క తోపు తోశాడు. దియ తల వెనక్కి కొట్టుకుంది. పడలేదు. వెంటనే దామోదర్ వంక చూసింది.

దామోదర్ చెయ్యి లేచింది. అలేఖ్య చూసింది. అది భుజం దాకా లేచింది. అవతలి బెంచీ మీద కోచ్ చేతులు కట్టుకుని దామోదర్‌నే చూస్తున్నాడు. ఆ చెయ్యి అక్కడే ఒక్క క్షణం ఆగి, హెల్మెట్ పట్టీ సర్దుకున్నట్టు గడ్డం దగ్గరికి వెళ్ళి, దిగిపోయింది. ఆట సాగిపోయింది.

ఒకసారి ఊరుకుంటే రెండోసారికి దారి ఇచ్చినట్టే. ఈసారి ఆ కుర్రాడు దూరం నుంచే వేగం అందుకుని వచ్చాడు. దియ పక్ మీదికి వంగి గ్లవ్‌తో మూసేస్తోంది. అతను ఆగడానికి ప్రయత్నించలేదు. దియ తల గోల్‌పోస్టుకి తగిలిన చప్పుడు పైబెంచీల దాకా వినబడింది.

అప్పుడు విజిల్ మోగింది. దామోదర్ చెయ్యి ఆకాశానికి లేచింది. ఆ కుర్రాడిని ఆట నుంచే పంపేశాడు. రూల్ ప్రకారం ఏమేం చెయ్యాలో అన్నీ చేశాడు. దియ మాత్రం లేవలేదు.

కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడం, అన్నారు డాక్టర్లు. లేచి నడిచింది, మాట్లాడింది, కానీ వెలుతురు చూడలేకపోయింది. చదవమంటే అక్షరాలు ఈదుతున్నాయంది. బడి మానేసి, కిటికీలకి దుప్పట్లు కట్టిన గదిలో పడుకుంది. ఏదో చెప్పబోయి మధ్యలో మాట దొరక్క ఏడ్చేదని అదితి చెప్పింది.

హాస్పిటల్ నుంచి తిరిగి వస్తూ కార్లో అలేఖ్య అడిగింది, "మొదటిసారి మీ చెయ్యి లేచింది కదండీ?"

"హెల్మెట్ వదులైంది" అన్నాడు దామోదర్ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

అది అక్కడితో ఆగినా బాగుండేది. తరవాత ఒకరి ఇంట్లో పుట్టినరోజు విందులో చైతన్య అందరి ముందూ దామోదర్ చెయ్యి పట్టుకున్నాడు. "అన్న ఉన్నాడు కాబట్టి సరిపోయింది. వాణ్ణి అక్కడికక్కడే గెంటేశాడు. ఇంకో రెఫరీ అయితే చూసీ చూడనట్టు వదిలేసేవాడు." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. "నిప్పు లాంటి మనిషండీ ఆయన" అన్నారెవరో. దామోదర్ ప్లేట్లో పులిహోర కలుపుతూనే ఉన్నాడు. కలిపిన దాన్నే మళ్ళీ కలుపుతున్నాడు. అలేఖ్యకి ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు.

అదితి వస్తానన్న మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. మంచు పడేట్టు ఉంది కానీ పడటం లేదు. అదితి కారు వచ్చి ఆగింది. వెనకే దియ దిగింది. ఎండ లేకపోయినా టోపీ, నల్ల కళ్ళద్దాలు. చిక్కిపోయింది. నడిచేటప్పుడు నేల ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు అడుగులు వేస్తోంది.

"రా తల్లీ" అంటూ అలేఖ్య, పిల్ల లోపలికి రాకముందే లైట్లు ఆపేసింది.

అలేఖ్య చేతిలో అదితి స్టీలు డబ్బా పెట్టింది. "సున్నుండలు. అన్నయ్యగారికిష్టం కదా. అన్నయ్యగారూ, ఏంటలా దూరంగా కూర్చున్నారు? మీకు థాంక్స్ చెప్పాలన్నా మాటలు రావట్లేదు నాకు."

"అలా అనకమ్మా" అన్నాడు దామోదర్ కిటికీ దగ్గర కుర్చీలోంచి.

"అనకపోతే ఎలా? ఆ రోజు మీరు లేకపోతే..."

"అమ్మా, నేను కిందకి వెళ్తా" అంది దియ.

అదితి సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చింది పాపం. అలేఖ్య దియ వెనకే మెట్లు దిగింది.

దియ స్టాండు ముందు నిలబడి కళ్ళద్దాలు తీసింది. గ్లవ్‌లో ముక్కు పెట్టి వాసన చూసింది. "స్మెల్ పోయింది."

"ఆరిపోయాయి కదమ్మా."

"రోజూ తిప్పారా?"

"ఆ. ఏదో, అలవాటు."

దియ మొహంలో చిన్న నవ్వు కదిలింది. చాలా రోజుల తరవాత చూసిన నవ్వు అది.

"ఆంటీ, అమ్మకి చెప్పకండి. నేను ఇవి తీసుకోడానికి రాలా. ఇక్కడ ఉంచమని అడగటానికి వచ్చా. డాక్టర్ నెక్స్ట్ ఇయర్ చూద్దాం అన్నారు. అమ్మ నెవర్ అంటుంది. ఇంటికి తీసుకెళ్తే అమ్మేస్తుంది. ఇక్కడ ఉంటే నేను వచ్చి... జస్ట్ చూసుకుంటా."

"ఎన్నాళ్ళైనా ఉంటాయి, నా తల్లే. నువ్వు వచ్చి చూసుకో. రోజూ రా" అంది అలేఖ్య.

మెట్ల మీద చప్పుడైంది. దామోదర్ దిగి వస్తున్నాడు. అలేఖ్య అతని కళ్ళలోకి చూసింది. వద్దనో, చెప్పమనో ఆమెకే తెలియలేదు. పొద్దున చెప్పమని పట్టుబట్టింది తనే. ఇప్పుడు ఈ నవ్వు మొహం మీద ఆ మాట పడటం తను చూడలేననుకుంది.

కానీ అడిగింది దియే.

"అంకుల్, వన్ క్వశ్చన్. ఫస్ట్ టైమ్ ఆ కిడ్ నా మాస్క్ కొట్టినప్పుడు, మీరు చూశారు కదా? నా బ్రెయిన్ ఇప్పుడు అన్నీ కలిపేస్తుంది. చూశారని నేను అనుకుంటున్నా. కరెక్టేనా?"

దామోదర్ చివరి మెట్టు మీద ఆగిపోయాడు. చెయ్యి రెయిలింగ్ మీద ఉంది. "రూల్ ప్రకారం అయితే, పక్కనుంచి వెళ్ళేటప్పుడు తగిలితే, అది..." అని మొదలుపెట్టాడు. ఆగాడు. పిల్ల చూపు అతని మొహం మీంచి తప్పుకోలేదు.

"చూశాను" అన్నాడు.

"మీ చెయ్యి లేచింది."

"లేచింది."

"దెన్ వై?"

"ఆ కోచ్ మనల్ని పార్కింగ్‌లో చూశాడమ్మా. నువ్వు మా కార్లోంచి దిగడం. నువ్వు మన పిల్లవి కదా. మన పిల్లకి ఫేవర్ చేశానంటాడని... అంత చిన్నదానికి నేను ఊదితే నా మాట పోతుందని..."

"వేరే గోలీ అయితే?"

దామోదర్ చూపు రెయిలింగ్ మీదికి జారింది.

"అంకుల్. వేరే కిడ్ అయితే కాల్ చేసేవారా?"

"చేసేవాణ్ణి" అన్నాడతను. ఆ మాట అన్నాక అతను ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. తలెత్తలేదు.

దియ ఏడవలేదు. ఏదో లెక్క ఇప్పుడే సరిపోయినట్టు తల ఆడించింది.

"అంటే మీకు నేను తెలియకపోతే బాగుండేది" అంది నెమ్మదిగా.

"దియా, అలా కాదురా తల్లీ" అని అలేఖ్య ముందుకి వచ్చింది. భుజం మీద వెయ్యబోయిన చెయ్యి నుంచి దియ పక్కకి జరిగింది. పట్టించుకోనట్టు కాదు, దెబ్బ తగిలిన చోటుని కాచుకున్నట్టు. కళ్ళద్దాలు పెట్టుకుంది. పై కొక్కెం నుంచి మాస్కు తీసి గుండెకి హత్తుకుంది. ఇక్కడే ఉంచమని ఇందాక అడిగిన మాస్కు. దామోదర్ కూర్చున్న మెట్టు దగ్గర అతను జరిగేదాకా ఆగి, గోడవారగా పైకెక్కింది.

అలేఖ్య వెనకే ఎక్కింది. అదితి సోఫాలో లేచి కూర్చుని, "ఏంటి, అప్పుడే? మిగతావి ఏవే?" అంటోంది. దియ ఆగలేదు. డైనింగ్ టేబుల్ మీద ఆవకాయ జాడీ, ఉప్పు డబ్బా ఎప్పటిచోటే ఉన్నాయి. వాటిని దాటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, మాస్కు చంకలో ఇరికించుకుని వంగి బూట్లు తొడుక్కుంది. వంగితే తల తిరుగుతుందేమో, ఒక చెయ్యి గోడకి ఆనించింది.

అలేఖ్య హాల్లో నిలబడి ఎదురుచూసింది. బూట్ల లేసులు కట్టుకోవడం అయ్యే లోపల, తలుపు గొళ్ళెం తీసే లోపల, ఎప్పుడూ "వెల్లొస్తా" అన్న ఆ మాట వచ్చేది.

దియ తలుపు తీసింది. చల్లగాలి లోపలికి కొట్టింది. ఆమె గడప దాటి, వెనక తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వెళ్ళిపోయింది.